రెండు విండోలు తెరిచి చూపించండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో కంప్యూటర్ డెస్క్‌టాప్‌కి అందమైన థీములంటూ ఓ వ్యాసం వేశారు, బొమ్మలతో సహా. బొమ్మలు బాగున్నాయి, కాదనను, మా అబ్బాయైతే పేపరు లాక్కుని మరీ చూశాడు. కాకపోతే ఆ బొమ్మలన్నిట్లో ఒక్కటంటే ఒక్క విండో తెరిచి ఉంది, వెనకాల ఓ కొండో చంద్రుడో, అంతే. పని చేసుకునేవాడి కంప్యూటర్ అలా ఎప్పుడుంటుందండీ? ఈ ఉత్తరం టైపు చేస్తున్న విండో కాక నా ముందు ఇంకో ఆరు తెరిచి ఉన్నాయి. పంక్తిలో వరసగా వేసిన విస్తళ్లలా కూడా కాదు, భోజనాలయ్యాక ఎత్తి ఒకచోట పడేసిన విస్తళ్లలా. థీమ్ మంచిదో కాదో తేలేది ఆ గుట్టలోనే.

నేను తెనాలిలో 1998 నుంచి డీటీపీ షాపు నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. ఈమధ్య ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నింపి పెడుతున్నాం. మొత్తం నాలుగు సిస్టములు. రెంటిలో విండోస్, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వదలలేక. మిగతా రెండూ పాతవి, బరువులు మోయలేవు, వాటిలో విండోస్‌కి బదులు లినక్స్ అనే ఉచిత వ్యవస్థ వేసి దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ పెట్టుకున్నాను. నేను కంప్యూటర్ చదువులు చదివినవాణ్ణి కాదు. రోజుకు పది గంటలు దాని ముందు కూర్చునేవాణ్ణి, ఆ హోదాలోనే రాస్తున్నాను.

మీ వ్యాసంలో వాల్‌పేపర్‌నీ థీమ్‌నీ కలిపేశారు. విండో థీమ్ అంటే వెనక బొమ్మ కాదు. విండో చుట్టూ ఉండే చట్రం. పైన ఫైలు పేరు కనిపించే పట్టీ, అదే టైటిల్ బార్, దాని మూల మూడు బటన్లు, పక్కల అంచులు, పట్టుకుని లాగే మూలలు. ఇంటికి ద్వారబంధం ఎలాగో విండోకి ఇది అలాగ. వాల్‌పేపర్‌ని రోజుకోసారైనా పూర్తిగా చూడం, ఈ చట్రాన్ని మాత్రం రోజుకు కొన్ని వందలసార్లు పట్టుకుంటాం, నొక్కుతాం, లాగుతాం.

ఇదంతా నాకెందుకు పట్టిందో చెప్పాలంటే నా పరువు కొంచెం తీసుకోవాలి. మూడేళ్ల కిందట మా అక్క కొడుకు సెలవులకొచ్చి, "ఏంటి మామయ్యా ఈ పాతకాలం బార్లు" అని ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన ఓ నల్లటి థీమ్ దించి లినక్స్ సిస్టములకి వేశాడు. చూడ్డానికి భలేగా ఉంది. నలుపు, అందులో బూడిదరంగు అక్షరాలు, బటన్లు కూడా చిన్న చిన్న చుక్కలు. వచ్చినవాళ్లు "కొత్త సిస్టం కొన్నారా" అని అడిగారు కూడా. మాఘమాసం ముహూర్తాల రోజులు, రెండు పార్టీల శుభలేఖ మేటర్లు పక్కపక్కన రెండు విండోల్లో తెరిచి పెట్టుకున్నాను. ఒకటి వాళ్లు వాట్సాప్‌లో పంపిన పేర్ల జాబితా చూసి కొడుతున్నది, ఇంకోటి మధ్యలో ఫోనొస్తే ముహూర్తం టైము సరిచేసింది. ఫోను పెట్టేసి, ఎడమ పక్క విండోలో ఉన్నాననుకుని "ఆహ్వానించువారు" కింద పేర్లు పేస్ట్ చేశాను. నేనున్నది కుడి పక్క విండోలో. రెండు పట్టీలూ ఒకే నలుపు. పనిలో ఉన్నదానికి అక్షరాలు ఓ పిసరు తెల్లగా, లేనిదానికి ఓ పిసరు బూడిదగా, అంతే తేడా, అదీ మానిటర్ దగ్గరికి మొహం పెట్టి వెతికితే. ప్రూఫు పంపాం, పార్టీవాళ్లు ముహూర్తం, కళ్యాణ మండపం పేరు చూసుకుని ఓకే అన్నారు. నాలుగు వందల కార్డులు అచ్చయ్యాయి. మర్నాడు పెళ్లికూతురి తండ్రి కార్డు పట్టుకుని వచ్చి అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "ఏమండీ, మా అమ్మాయి పెళ్లికి పిలవడానికి వీళ్లెవరండీ?"

తప్పు నాదే. ప్రూఫు నేను చదవాలి, చదవలేదు. మళ్లీ నాలుగు వందలు నా ఖర్చుతో వేసిచ్చాను. కానీ ఆ రాత్రి సిస్టం ముందు కూర్చుని ఆ రెండు నల్ల పట్టీల్ని చూస్తుంటే, ఈ పట్టీ ఉన్నదే నాకు ఒక్క సంగతి చెప్పడానికి కదా, "నువ్వు కొట్టే అక్షరం ఇక్కడ పడుతుంది" అని, ఆ ఒక్కటీ చెప్పకుండా ఇది ఇంత ముస్తాబై ఎందుకు కూర్చుంది అనిపించింది.

పాతవాళ్లకి ఈ సంగతి తెలుసు. 1995లో విండోస్ 95 వచ్చినప్పుడు చూడండి, పనిలో ఉన్న విండోకి ముదురు నీలం పట్టీ, వెనక్కి వెళ్లినదానికి బూడిద పట్టీ. అందం సంగతి దేవుడెరుగు, పది అడుగుల దూరం నుంచి చూసినా ఏది ముందుదో తెలిసేది. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. దాని థీమ్ పేరు లూనా, నీలం పట్టీ, ఎర్రటి ఇంటూ మార్కు, ఆకుపచ్చ స్టార్ట్ బటన్. అప్పట్లో చాలామంది పిల్లల బొమ్మల పెట్టెలా ఉందని వెక్కిరించారు, నేనూ వెక్కిరించాను. దాని వాల్‌పేపర్‌గా వచ్చిన పచ్చటి గుట్ట ఫొటో మాత్రం అందరికీ నచ్చింది, అది కాలిఫోర్నియాలో సొనోమా కౌంటీలో చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ 1996లో తీసినది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ బొమ్మల పెట్టెలో పెద్ద బుద్ధే ఉంది. వెనక విండో పట్టీ వెలిసిపోయేది, దాని ఎర్ర బటను కూడా పాలిపోయేది. అంతేకాదు, విండోని పూర్తిగా పెద్దది చేసినప్పుడు మౌస్‌ని కళ్లు మూసుకుని కుడి పై మూలకి తోసేసి నొక్కితే చాలు, విండో మూతపడేది. మూలలో మౌస్ ఆగిపోతుంది, ఇంకెక్కడికీ పోలేదు కాబట్టి గురి తప్పే ప్రశ్నే లేదు. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చెయ్యి ఒక గురిని చేరడానికి పట్టే సమయం ఆ గురి ఎంత దూరం, ఎంత పెద్దది అనేవాటి మీద ఆధారపడుతుందని సూత్రం కట్టాడట. మౌస్ అప్పటికి పుట్టనే లేదు, అయినా ఇవాళ్టికీ బటన్ల కొలతలకి ఆయన సూత్రమే. విండోస్ 95లో స్టార్ట్ బటన్‌కి మూల దగ్గర సన్నటి గీతంత ఖాళీ ఉండేది, మౌస్ మూలకి పోయి నొక్కితే ఏమీ అయ్యేది కాదు. ఎన్నిసార్లు విసుక్కున్నానో. తర్వాత సరిచేశారు.

విండోస్ చేసే మైక్రోసాఫ్ట్ వాళ్లే మళ్లీ దారి తప్పారు కూడా. విండోస్ విస్టాలో పట్టీలన్నీ అద్దంలా చేశారు, వెనక ఉన్నవన్నీ కనపడేలా. కనపడితే పేరు చదవలేం కదా, అందుకని అక్షరాల వెనక తెల్లటి మసక పెట్టారు. అద్దం పెట్టడమెందుకు, దానికి పొగ పెట్టడమెందుకు! 2012లో విండోస్ 8తో పాత క్లాసిక్ థీమ్ తీసేశారు. 2015 జులైలో విండోస్ 10 వచ్చినప్పుడు పట్టీలన్నీ తెలుపు, ముందుదీ తెలుపే వెనకదీ తెలుపే, ఎవరికి వారు గొడవ చేస్తే నవంబరు అప్‌డేట్‌లో రంగు వెనక్కి తెచ్చారు. ఆపిల్ వాళ్లు 2025లో లిక్విడ్ గ్లాస్ అని మళ్లీ అద్దం పట్టుకొచ్చారు, చదవడం కష్టమైపోతోందని జనం మళ్లీ మొత్తుకున్నారు. అద్దం మీద మోజు ఎవరికీ తీరేలా లేదు.

ఆపిల్ వాళ్ల మంచి కూడా చెప్పుకోవాలి. 2000లో స్టీవ్ జాబ్స్ ఆక్వా అనే రూపాన్ని చూపించాడు, ఎడమవైపు మూడు గుండ్రటి బటన్లు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, సిగ్నల్ లైట్లలా. చూస్తే నాకాలనిపించాలి అన్నాడట, నిజంగానే పిప్పరమెంట్ల లాగే ఉంటాయి. నాకు నచ్చింది ఆ తీపి కాదు. వెనక్కి వెళ్లిన విండోలో ఆ మూడు దీపాలూ ఆరిపోతాయి, బూడిదరంగులోకి మారతాయి. మౌస్ దగ్గరికి తీసుకెళ్తే ఒక్కో బటన్‌లో ఒక్కో గుర్తు మొలుస్తుంది. అంటే రంగు తెలియనివాడికి గుర్తు ఉంది. ఈ రంగు తెలియని సంగతి నేను ఊహించి చెప్పడం లేదు, మా షాపులో ఫ్లెక్సీలు వేసే కుర్రాడికి ఎరుపూ ఆకుపచ్చా ఒకే మట్టిరంగులా కనిపిస్తాయి. చేరిన ఏడాదికి గానీ బయటపడలేదు, సిగ్గుపడి చెప్పలేదు పాపం. ఆ నల్ల థీమ్‌లో బటన్లు ఒట్టి రంగు చుక్కలు, గుర్తుల్లేవు, పెద్దది చేద్దామని నొక్కి రెండుసార్లు ఫైలు మూసేశాడు. నేను కేకలేశాను. ఇప్పుడు తల్చుకుంటే బాధగా ఉంటుంది.

ఇక తెలుగు సంగతికొస్తాను, అసలు రాయాలనుకున్నది ఇదే. థీములు గీసేవాళ్లు దాదాపు అందరూ ఇంగ్లీషు అక్షరాలతో చూసుకుంటారు. ఇంగ్లీషులో వై, జీ, పీ లాంటి ఓ నాలుగైదు చిన్నక్షరాలకి మాత్రమే కిందికి తోక ఉంటుంది. మన అక్షరం అలా కాదు, పైన గుడో దీర్ఘమో, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఒత్తు. "స్త్రీ" అని రాసి చూడండి, మూడంతస్తుల మేడ. పద్దెనిమిది పిక్సెళ్ల, అంటే తెర మీది పద్దెనిమిది చుక్కల ఎత్తు పట్టీలో ఆ మేడ పట్టదు. పట్టకపోతే కంప్యూటర్ ఏం చేస్తుంది, కింద అంతస్తు కోసేస్తుంది. మా దగ్గర ఒకాయన కంటి వైద్య శిబిరం కరపత్రం వేయించుకుంటూ ఫైలుకి "గుడ్డి" అని మొదలయ్యే పేరు పెట్టించాడు, అదే వారంలో ఇంకొకరిది గుడి జీర్ణోద్ధరణ చందా పుస్తకం. పట్టీలో డ ఒత్తు తెగిపోయి రెండూ "గుడి"గానే కనిపించాయి. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, అచ్చుకి పంపేముందు రెండిట్లో ఏది ఏదో తెలియక ప్రతిదాన్నీ తెరిచి చూసుకోవాల్సొచ్చింది. "అక్క" పోయి "అక" అవుతుంది, "ముగ్గు" పోయి "ముగు" అవుతుంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేసినన్నాళ్లూ ఈ బాధ తెలియలేదు, ఎందుకంటే అప్పట్లో ఫైలు పేర్లు ఇంగ్లీషులో "పెళ్లి1", "పెళ్లి2" అని కొట్టుకునేవాళ్లం. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, ఆ తర్వాత విండోస్‌లో వాణి, నిర్మల, లినక్స్‌లో లోహిత్, నోటో అన్నీ వచ్చి, అన్ని భాషల అక్షరాలకీ ఒకే పద్ధతైన యూనికోడ్‌లో ఫైలు పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు అనే సంబరం వచ్చాకే ఈ కోత మొదలైంది.

శుభలేఖల దెబ్బ తిన్నాక నేనే ఒక థీమ్ చేసుకుందామని కూర్చున్నాను. నవ్వకండి, అంత కష్టమేం కాదు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండో చట్రం అంటే నలభైకి పైగా చిన్న చిన్న బొమ్మలు, ఒక ఫోల్డర్లో పడేసి ఉంటాయి. నాలుగు మూలలు, పక్కలు, కింది అంచు, పట్టీలో ఐదు ముక్కలు, ఒక్కో బటన్‌కి మామూలుగా ఉన్నప్పటిది, నొక్కినప్పటిది. నొక్కినప్పటిది తప్ప ప్రతి ముక్కా రెండేసి, విండో పనిలో ఉన్నప్పటికి ఒకటి, లేనప్పటికి ఒకటి. ఎక్స్‌పీఎం అనే రకం బొమ్మలవి. వాటి తమాషా ఏంటంటే, బొమ్మని టైపు చేసిన కాగితం లాగా మామూలు ఎడిటర్లో తెరవొచ్చు. పైన ఏ గుర్తుకి ఏ రంగో రాసి ఉంటుంది, కింద ఆ గుర్తులతోనే బొమ్మ, చుక్కల ముగ్గు లాగా, ఒక్కో చుక్కా ఒక్కో పిక్సెల్. ఒక రంగు కోడ్ మార్చి సేవ్ చేస్తే బొమ్మ రంగే మారిపోతుంది. మా ఆవిడ వెనక నిలబడి చూసి, "ఇదేంటి, ముగ్గేగా" అంది. ఆమెకి నాకంటే త్వరగా అర్థమైంది.

మొదట చేసింది చూస్తే మీరు దండం పెడతారు. కలంకారీ ప్రింటు తీసుకొచ్చి పట్టీ నిండా పరిచాను, మామిడి పిందెలు, తీగలు, బటన్లేమో తామరపూలు. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెడితే ఒకటే పొగడ్తలు. మర్నాడు పని మొదలుపెట్టాక పిందెల మీద ఫైలు పేరు చదవలేక కళ్లు లాగేశాయి. ఇన్నేళ్లుగా శుభలేఖ పార్టీలకి నేను చెప్పే మాటే, "బాబూ, డిజైను అంచుకి పెట్టుకో, ముహూర్తం మీద పెట్టకు" అని, నా దాకా వచ్చేసరికి మర్చిపోయాను. 1992లో విండోస్ 3.1లో హాట్ డాగ్ స్టాండ్ అని ఎరుపూ పసుపూ కలిపిన ఒక రంగుల వరస ఉండేది, చూస్తే జాతరలో రంగులరాట్నం ఎక్కినట్టుండేది. దాన్ని ఎవరు వాడతారా అనుకునేవాణ్ణి. నా కలంకారీ దానికి మేనత్త కూతురే.

రెండోసారి మంగళగిరి చీర గుర్తొచ్చింది. ఒళ్లంతా ప్లెయిన్, అంచు ఒక్కటే జరీ. పట్టీ నెమలికంఠం రంగు, అక్షరాలు తెలుపు, కింది అంచున రెండు పిక్సెళ్ల బంగారు గీత, అంతే అలంకారం. వెనక విండోకి బిస్కెట్ రంగు పట్టీ, ముదురు బూడిద అక్షరాలు, జరీ గీత లేదు. వెనకదాన్ని వెనకదానిలా చూపించాలి గానీ దాని పేరు చదవలేకుండా చేయకూడదు, ఎందుకంటే తర్వాత నేను వెతుక్కునేది ఆ పేరునే. పట్టీ రంగుకీ అక్షరం రంగుకీ మధ్య వెలుగు తేడా ఇంతకి తగ్గకూడదని వెబ్ ప్రమాణాల్లో ఒక లెక్క ఉంది, మామూలు సైజు అక్షరాలకి కనీసం నాలుగున్నర రెట్లు అని. తెలుపు మీద నలుపైతే ఆ లెక్కలో ఇరవై ఒకటి. కొలిచే పరికరాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నా నెమలికంఠం ఏడు దాటింది.

పట్టీ బొమ్మ ఎంత ఎత్తు గీస్తే పట్టీ అంత ఎత్తు వస్తుంది. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు, ఇరవై నాలుగు, అలా పెంచుకుంటూ పోయాను, ఇరవై ఎనిమిది దగ్గర "స్త్రీ" పూర్తిగా కనిపించింది. "రాష్ట్రం" మాత్రం ఇంకా కింద ఆనుతోంది. థీమ్‌ఆర్‌సీ అని ఒక చిన్న టెక్స్ట్ ఫైలుంటుంది, అందులో అక్షరాలు పైకో కిందికో ఎంత జరగాలో చెప్పే వరసొకటి ఉంది, దాన్ని సర్ది రెండు పిక్సెళ్లు పైకి జరిపితే ఒత్తు ఊపిరి పీల్చుకుంది. బటన్ల మధ్య ఎంత ఖాళీ ఉండాలో కూడా అందులోనే, ఇంటూ మార్కుకీ దాని పక్క బటన్‌కీ మధ్య దూరం పెంచాను, మా కుర్రాడి కోసం. గుర్తులు అందరికీ తెలిసినవే పెట్టాను, ఇంటూ, చదరం, అడ్డగీత. తామరపూలు తీసేశాను, పోనీ తోరణం పెట్టుకుందామని ఒక రాత్రి మళ్లీ చెయ్యి దురద పుట్టింది గానీ ఆపుకున్నాను.

అంచుల సంగతి చాలామంది పట్టించుకోరు. ఇప్పటి థీముల్లో పక్క అంచు ఒక్క పిక్సెల్, విండోని కాస్త వెడల్పు చేద్దామంటే సూదిలో దారం ఎక్కించినట్టు మౌస్ పట్టుకుని ఊపిరి బిగబట్టాలి. నేను ఐదు పిక్సెళ్లు పెట్టాను. చూడ్డానికి కాస్త మొద్దుగా ఉంటుంది, ఉండనీ. (ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడేవాళ్లు ఆల్ట్ మీట నొక్కి పెట్టి మౌస్ కుడి బటన్‌తో విండోలో ఎక్కడ పట్టుకుని లాగినా సైజు మారుతుంది. ఈ కిటుకు నాకు నాలుగేళ్లు తెలియలేదు, అందుకే రాస్తున్నాను.) ఇంకోటి, ఈ లెక్కలన్నీ నా పాత మానిటర్లకి. పిక్సెళ్లు బాగా దగ్గరగా ఉండే కొత్త తెరల్లో అదే బొమ్మ సగానికి సగం చిన్నగా కనిపిస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్లు తమ మామూలు థీమ్‌నే అలాంటి తెరలకి ఇంకా పెద్ద సైజుల్లో రెండు రకాలు చేసి ఇస్తున్నారు, నా థీమ్‌కి ఆ పని నేనింకా చేయలేదు.

బటన్లు కుడివైపే ఉంచాను. ఎడమా కుడీ అనేది చిన్న విషయం అనుకుంటారేమో. 2010 ఏప్రిల్‌లో ఉబుంటు అనే లినక్స్ వాళ్లు బటన్లు ఎడమకి మార్చారు, అప్పటి తగాదాలు చదివితే ఆస్తి పంపకాల గొడవ అనుకుంటారు. 2017లో మళ్లీ కుడికి తెచ్చారు. నా మట్టుకు ఏ వైపైనా ఒకటే, కాకపోతే మా షాపులో విండోస్ సిస్టమ్ నుంచి లినక్స్ సిస్టమ్‌కి రోజుకు ఇరవైసార్లు మారతాం, చెయ్యి ఒకచోటికి అలవాటు పడ్డాక ఇంకోచోట వెతకమంటే వెతకదు.

పెద్దవాళ్ల బాధ ఒకటి చెప్పి ఆపేస్తాను. రిటైరైన మాస్టారు ఒకాయన పింఛను పని మీద మా షాపుకొస్తారు. ఎవరూ సాయం చేయక్కర్లేదు, నేనే నింపుకుంటాను అంటారు, నింపుతారు కూడా. ఒకరోజు ముప్పావుగంట అలాగే కూర్చున్నారు. వెళ్లి, "ఏమైంది మాస్టారూ" అంటే, "అన్నీ రాశానయ్యా, పంపే బటన్ ఇవ్వలేదు వీళ్లు" అన్నారు. ఇచ్చారు, తెర కింద ఉంది. పక్కన స్క్రోల్ బార్ కనపడితే కదా కింద ఇంకా ఉందని తెలిసేది. మౌస్ కదిపితే వెంట్రుకంత గీత మెరిసి మాయమవుతోంది. ఆయన ముందు అవమానంగా అనిపించింది, నా షాపు, నా సిస్టం. స్క్రోల్ బార్ దాచేస్తే తెర శుభ్రంగా ఉంటుందంటారు. ఆయనేమో అది ఫారం చివర అనుకున్నారు, ఎవరైనా అలాగే అనుకుంటారు.

విండోస్ వాడే మీ పాఠకులకి ఉపయోగపడేది రెండు ముక్కల్లో చెబుతాను, ఎలాగూ వాళ్లే ఎక్కువ. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో కలర్స్ తెరిచి కిందికి పోతే టైటిల్ బార్లకీ విండో అంచులకీ రంగు చూపించాలా అని ఒక గడి ఉంటుంది, అది పెట్టండి, ఏదైనా ముదురు రంగు ఎంచుకోండి. పనిలో ఉన్న విండోకే ఆ రంగు వస్తుంది. సొంత పట్టీలు గీసుకునే ప్రోగ్రాములు కొన్ని మాట వినవు, ఏం చేస్తాం. విండోస్ 11లో స్క్రోల్ బార్లు ఎప్పుడూ కనిపించేలా పెట్టుకునే మీట యాక్సెసిబిలిటీలో, విజువల్ ఎఫెక్ట్స్ కింద ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు వాడే సిస్టమ్ అయితే ఈ రెండూ ఇవాళే చేయండి, ఐదు నిమిషాల పని.

నలుపు థీముల మీద నాకు కోపం లేదు, రాత్రిపూట నేనూ అవే వాడతాను. నల్లటిలో కూడా ముందుదాన్ని ముందుదానిలా చూపించొచ్చు, పట్టీకి కాస్త వెలుగు ఇస్తే చాలు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ఈమధ్య ప్రాజెక్టులకని థీములు చేసి ప్రింట్ల కోసం మా షాపుకి తెస్తున్నారు, చాలా బాగా గీస్తున్నారు, నా కలంకారీ కంటే వెయ్యి రెట్లు నయం. పట్టీలో ఒకసారి "శాస్త్రీయ రాష్ట్ర గ్రంథాలయం" అని కొట్టి చూపించమంటే బిక్కమొహం వేస్తారు. మాతృభాషలో ఫైలు పేరు పెట్టి ఒక్కసారీ చూసుకోలేదట.

ప్రింటు అన్నాను కాబట్టి నేను చేసే పరీక్ష ఒకటి చెబుతాను. రెండు విండోలు తెరిచి, ఒకదాని మీద ఒకటి సగం వచ్చేలా పెట్టి, స్క్రీన్‌షాట్ తీసి జిరాక్స్ కొడతాను. రంగులన్నీ పోయి నలుపూ తెలుపూ మిగులుతాయి. ఆ కాగితం షాపుకొచ్చిన ఎవరికైనా చూపించి, "ఇందులో ఏది పనిలో ఉంది" అని అడుగుతాను. చూడగానే వేలు పెడితే థీమ్ పాసు. కాగితాన్ని దగ్గరికి తెచ్చుకుంటే ఫెయిలు. మా కుర్రాడి కళ్లకీ, మాస్టారి కళ్లకీ, చెడిపోయిన మానిటర్‌కీ అన్నిటికీ ఈ ఒక్క జిరాక్స్ సరిపోతోంది.

కాబట్టి మీకు నా విన్నపం ఇంతే. ఈసారి థీముల గురించి వేసినప్పుడు ఒక్క విండో, వెనకాల చంద్రుడు కాకుండా, రెండు విండోలున్న బొమ్మ వేయండి, ఒకదాని పేరు తెలుగులో ఉండాలి, అందులో కనీసం ఒక్క ఒత్తైనా ఉండాలి. మీ లోపలి పేజీలు ఎలాగూ నలుపు తెలుపే, జిరాక్స్ ఖర్చు కూడా తప్పుతుంది.

ఇట్లు,
డీటీపీ షాపు నడిపే మీ పాఠకుడు,
తెనాలి.